ఈ మాట ఎక్కడిది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచే వచ్చాయి. ఒకే మాట మీద వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చాం. జవాబు గట్టిగా చెప్పగలిగిన వాటినే తీసుకున్నాం.

"విజయవాడ" పలకడం చేతగాక తెల్లదొరలు "బెజవాడ" చేశారని బళ్లో చెప్పారు. అర్జునుడి కోరిక మీద కొండ కృష్ణమ్మకు బెజ్జమిచ్చిన చోటు కాబట్టి బెజవాడ అంటుంది మా నాయనమ్మ. ఏది నమ్మాలి?
*(కృష్ణలంక, విజయవాడ)*

బడిలో చెప్పింది తప్పు. నాయనమ్మగారి కథ బాగుంది గానీ అదీ నిలవదు. బెజవాడలోనే దొరికిన యుద్ధమల్లుడి శాసనం పదో శతాబ్దం నాటిది, అంటే నన్నయకు సుమారు నూరేళ్లు ముందుది. మధ్యాక్కర పద్యాల్లో ఉంటుంది. కుమారస్వామికి గుడి కట్టించిన సంగతి చెబుతూ ఊరి పేరు "బెజవాడ" అనే చెబుతుంది. ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో దిగింది 1611లో. వాళ్లు రైల్వేస్టేషను బోర్డు మీద రాసుకున్నది అప్పటికే జనం నోట నలిగిన పేరును.

ఇక బెజ్జం. ఆ మాటలో జకారానికి ఒత్తుంది, శాసనంలోని పేరులో లేదు. ఆ ఒత్తు ఎందుకు పోయిందో కథ చెప్పదు. "విజయ"లోని వకారం బకారం కావడానికి మాత్రం తెలుగులో దారి ఉంది. వ్యవహారం బేహారమై, చివరికి బేరమై సంతలో కూర్చుంది అలాగే.

గుంటూరు సంగతి తేలిక: గుంట ఉన్న ఊరు. సంస్కృతంలో రాసేవాళ్లు దాన్ని గర్తపురి అన్నారు, గర్తమన్నా గుంటే. బందరు పారసీ మాట, అర్థం రేవు. కాబట్టి "బందరు పోర్టు" అన్నప్పుడల్లా రేవు రేవు అంటున్నాం. ఇలాంటివి మన దగ్గర చాలానే ఉన్నాయి, కంగారు పడక్కర్లేదు.

మిర్చి యార్డులో మా నాన్నగారికి కమీషన్ కొట్టు ఉంది. క్వింటాలు, కాటా, హమాలీ, తాలు అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటూనే ఉంటాం. ఇవి ఎక్కడి మాటలు?
*(గుంటూరు)*

క్వింటాలును చూసి చాలామంది అందులో ఐదును వెతుకుతారు, ఇంగ్లీషులో, ఫ్రెంచిలో ఐదుకు దగ్గరి మాటలు అలాగే వినిపిస్తాయి కనుక. నిజానికి అందులో ఉన్నది వంద. వంద అని అర్థమున్న లాటిను మాట గ్రీకు మీదుగా అరబ్బీలోకి వెళ్లి "కిన్తార్" అయింది. అరబ్బుల దగ్గర నుంచి మళ్లీ యూరపు చేరేసరికి "క్వింతాలె" అని గుర్తుపట్టలేని వేషంలో ఉంది. వంద కిలోలకు ఆ పేరు పెట్టినవాళ్లకు తెలిసినా తెలియకపోయినా లెక్క మాత్రం సరిపోయింది.

కాటా అంటే హిందీలో ముల్లు. తక్కెడ మధ్యలో సూటిగా నిలబడే ముల్లు పేరే మొత్తం తూకపు యంత్రానికి వచ్చింది. మనమూ "తక్కెడ ముల్లు", "గడియారం ముల్లు" అంటాం కదా, ఆలోచన అదే. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాకు అంకెలే గానీ ముల్లు లేదు.

హమాలీలో అరబ్బీ "హమ్మాల్" ఉంది, అంటే బరువు మోసేవాడు. చివరి "ఈ" ఆ పనినీ, ఆ పనికిచ్చే కూలినీ చెప్పే ప్రత్యయం. తెలుగులో పని పేరే మనిషికి అంటుకుంది. అందుకే మన పట్టీల్లో "హమాలీ ఖర్చులు" అన్న పద్దు ఉంటుంది, ఎదురుగా బస్తా ఎత్తేవాళ్లూ హమాలీలే.

తాలు మాత్రం అచ్చంగా మనది. గింజ పట్టని వడ్లను తాలు అంటారు, తూర్పారబడితే ఎగిరిపోయేది. మిరపకు వచ్చేసరికి అర్థం కాస్త జరిగింది: కాయ ఉంటుంది, గింజా ఉంటుంది, రంగే ఉండదు. కోసిన కాయను తడి ఆరకముందే రాశి పోసినా, కళ్లంలో మంచో వానో పడ్డా, చేలో కాయకుళ్లు తగిలినా తొడిమ వైపు నుంచి పాలిపోయి తెల్లమచ్చలు వస్తాయి. ఆ కాయను ఏరి వేరే లాటుగా అమ్ముతారు, ధర కూడా వేరే. తేమ 10-11 శాతానికి దిగకుండా బస్తాకెత్తితే కోల్డ్ స్టోరేజీకి వెళ్లేలోపే మంచి కాయ తాలులోకి జారుతుంది. వడ్ల తాలులో లోపం లోపల, మిరప తాలులో లోపం పైన. రెండింటికీ ఒకే పేరు పెట్టినవాడు కొనేవాడి కళ్లతో చూశాడన్నమాట.

మా తాతయ్య చిట్టాపుస్తకంలో "పొగాకు 3 బారువల 7 మణుగుల 4 వీశెలు" అని ఉంది. కిలోల్లో ఎంత? ఈ పేర్లు ఎక్కడివి?
*(చిలకలూరిపేట)*

ముందు లెక్క. మన కోస్తా జిల్లాల్లో నడిచిన మద్రాసు లెక్క ప్రకారం బారువకు 20 మణుగులు, మణుగుకు 8 వీశెలు, వీశెకు 120 తులాలు. తులం 11.66 గ్రాములు, కాబట్టి వీశె సుమారు 1.4 కిలోలు. మీ తాతయ్యగారి పద్దు: 3 బారువలు 60 మణుగులు, దానికి 7 కలిపితే 67. 67 ఎనిమిదులు 536, పైన 4, మొత్తం 540 వీశెలు. అంటే సుమారు 756 కిలోలు.

ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో, రైల్వే రసీదుల్లో కనిపించే బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు. మన మణుగు 11 కిలోల పైచిలుకు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే మీ తాతయ్యగారి పొగాకు మూడింతలై కూర్చుంటుంది. కాగితం ఎక్కడ రాశారో, ఎవరు రాశారో చూసుకుని లెక్క కట్టండి.

బారువలో ఉన్నది సంస్కృత భారమే. మణుగు చాలా పాతది: అరబ్బీ పారసీల "మన్" మీదుగా బాబిలోనియా వర్తకుల "మనూ" దాకా వెళుతుంది. వీశె తూర్పుకు పోయింది. తమిళంలో వీసై, దాన్నే దక్షిణాది వర్తకులు బర్మాకు తీసుకెళ్లారు. అక్కడి తూకానికి ఇంగ్లీషులో ఇప్పటికీ "విస్" అనే పేరు, కాకపోతే అక్కడ 1.6 కిలోలు దాటుతుంది.

బత్తాయి మన పండేనా? పేరు ఎక్కడా అతికినట్టు లేదు.
*(పటమట, విజయవాడ)*

అతకకపోవడమే ఆధారం. పాత నిఘంటువుల్లో "బత్తావి నారింజ" కనిపిస్తుంది. బతావియా నుంచి వచ్చిన నారింజ అని అర్థం. బతావియా అంటే డచ్చివాళ్లు 1619లో జావా దీవిలో కట్టుకున్న పట్నం, ఇప్పటి జకార్తా. డచ్చివాళ్లకు బందరులో 1605 నుంచీ కొట్టు ఉంది, ఓడల రాకపోకలు ఉన్నాయి. బెంగాలీలు పంపరపనసను "బాతాబి లేబు" అంటారు, అదీ ఆ పట్నం పేరే. నారింజ మాత్రం ఎదురు దిశలో నడిచింది. ఇక్కడి నుంచి పారసీకీ, అరబ్బీకీ, స్పానిషుకూ వెళ్లి, ఫ్రెంచిలో మొదటి నకారం రాలిపోయి "ఆరెంజ్" అయింది.

అనాసపండు పేరు బ్రెజిలు ఆదివాసుల "ననాస్", తెచ్చింది పోర్చుగీసువాళ్లు. బంగాళాదుంప పేరులోనే దారి ఉంది. సీమచింత అసలు ఊరు మెక్సికో. సముద్రం మీద వచ్చిన ప్రతిదానికీ "సీమ" తగిలించడం మనవాళ్ల అలవాటు.

పెడనలో చేసేదంతా చెక్క అచ్చుల పని. కలమే పట్టరు. మరి కలంకారీ అని ఎలా అంటున్నారు?
*(గుడివాడ)*

మీ అనుమానం న్యాయమైనదే. పారసీలో "కలమ్" కలం, "కారీ" పని. శ్రీకాళహస్తిలో పేరుకు తగ్గట్టే వెదురు పుల్ల చివర నూలుతోనో ఉన్నితోనో ఉండ చుట్టి, రంగులో ముంచి, వేళ్లతో ఉండను నొక్కుతూ గీస్తారు. బందరు, పెడన వైపు పని టేకు అచ్చులతో. దానికి మన పాత పేరు అద్దకం. గోల్కొండ నవాబుల కాలంలో బందరు రేవు నుంచి పారశీక దేశానికి ఈ బట్టలు పోయేవి, కొనేవాళ్ల పేరే చివరికి సరుకుకు స్థిరపడింది. ఆ "కలమ్" కూడా పారశీకుల సొంతం కాదు. అరబ్బీ మీదుగా చూస్తే గ్రీకు "కలమోస్" దగ్గర తేలుతుంది, అర్థం రెల్లు. వెదురు పుల్లతో గీసే కాళహస్తి పనివాళ్లు తెలియకుండానే మాట మొదటి అర్థానికి దగ్గరగా ఉన్నారు.

పెడన పని పేరును పక్కనపెట్టి పని వరస చూడండి, అద్దకం అన్న మాటే ఎందుకు సరైనదో తెలుస్తుంది. గుడ్డలో గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరే రంగును పట్టి ఉంచేది. నలుపుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిం వాడతారు. అచ్చుతో అద్దగానే కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు మాత్రం అద్దేటప్పుడు ఎరుపు కాదు, తుమ్మజిగురు కలిపిన పటిక నీళ్లు. తర్వాత గుడ్డను పారే నీళ్లలో జాడించి, మొక్కల వేళ్ల నుంచి తీసిన రంగుతో కాగులో ఉడికిస్తారు. పటిక పడ్డచోటే ఎరుపు తేలుతుంది.

పారే నీళ్లే ఎందుకంటే, నిలవ నీళ్లలో ఊడిన పటిక వెళ్లి ఖాళీ చోట మళ్లీ అంటుకుంటుంది, ఉడికించాక గుడ్డ నేలంతా గులాబీ మరకలు వస్తాయి. కాలువలు ఉన్నచోటే ఈ పని నిలబడటానికి అదొక కారణం. కాళహస్తిలో కరక్కాయతో పాటు పచ్చి గేదెపాలు కూడా పట్టిస్తారు. ఆ కొవ్వు లేకపోతే కలం గీత గుడ్డలో పాకిపోతుంది. అచ్చు పనిలో ఆ పాకుడును జిగురు ఆపుతుంది.

జిల్లా, వసూలు, రసీదు, బాకీ, మామూలు... రెవెన్యూ ఆఫీసు మాటలన్నీ ఉర్దూయేనా?
*(తెనాలి)*

ఉర్దూ మీదుగా వచ్చినవే. కానీ పుట్టుక ఎక్కువగా అరబ్బీ, పారసీ. అన్నిటిలో మాకు నచ్చేది జిల్లా. అరబ్బీలో అసలు అర్థం పక్కటెముక. పక్కటెముక నుంచి పక్క, పక్క నుంచి భూభాగపు ఒక పక్క, అలా పరిపాలనలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. పాత అర్థంలో చెప్పుకుంటే ఎముకలు పెరిగాయి.

వసూలు అంటే అరబ్బీలో "చేరడం". రసీదు అంటే పారసీలో "చేరింది". సొమ్ము చేరడం ఒక భాషలో, చేరిందన్న కాగితం ఇంకో భాషలో. బాకీ అంటే మిగిలినది. తకరారు అంటే మళ్లీ మళ్లీ చెప్పడం, తగాదా అనే అర్థం ఆ తర్వాతది, ఎలా వచ్చిందో వివరించనక్కర్లేదు. మామూలు అంటే ఎప్పుడూ చేసేది, ఆచారంగా నడిచేది. ఆచారం బహువచనంలోకి దిగి "మామూళ్లు" అయ్యేసరికి బల్ల కిందికి వెళ్లిపోయింది. ఈ రకం మాటల కోసమే బ్రౌన్ 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. పాత దస్తావేజులు చదవాల్సినవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంగ్లీషు "క్యాష్" మన కాసు నుంచే వచ్చిందట, నిజమా?
*(బ్రాడీపేట, గుంటూరు)*

సగం. ఇంగ్లీషులో రెండు "క్యాష్"లు ఉన్నాయి. దక్షిణాది, చైనా చిల్లర నాణేలకు పెట్టిన పేరు కాసు నుంచి వెళ్లింది. నగదు అనే అర్థమున్నది మాత్రం వేరు: డబ్బుల పెట్టె అని అర్థమున్న ఫ్రెంచి, ఇటాలియను మాటల నుంచి వచ్చింది. మీరు కౌంటరు దగ్గర చెల్లించేది రెండోది.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి నిలబడ్డ మాట ఒక్కటైనా ఉందా?
*(నరసరావుపేట)*

పందికొక్కు. ఇంగ్లీషు నిఘంటువుల్లో "బాండికూట్" దగ్గర తెలుగు పేరు స్పష్టంగా ఉంటుంది. పంది అంత కొక్కు, పైగా తరిమితే గుర్రుమంటుంది. వరి కంకులు కొరికి బొరియలో దాచి, బొరియ నోటికి మట్టి కప్పేసేది ఇదే. గట్టు మీద తాజా మట్టి కుప్ప కనిపిస్తే లోపల ఉన్నట్టే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు, అక్కడి ముట్టె పొడుగు సంచిజంతువును చూసి ఇదే పేరు పెట్టేశారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు.

రెండోది గోడౌన్. మలయా భాష "గుదాంగ్" నుంచి పోర్చుగీసువాళ్ల నోట పడి ఇంగ్లీషుకు వెళ్లింది. ఆ మలయా మాటకు మూలం తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అనేది ఎక్కువమంది పండితుల మాట. అలాగైతే "గిడ్డంగి అనండి, గోడౌన్ అనకండి" అని పోట్లాడేవాళ్లు ఒకే మాట కోసం రెండు పక్కలా పోట్లాడుతున్నట్టు.

జీడిపప్పు పోర్చుగీసువాళ్లు తెచ్చిందంటారు. మరి జీడి తెలుగు మాట ఎలా అయింది?
*(చీరాల)*

చెట్టు కొత్తది, పేరు పాతది. మన అడవుల్లో నల్లజీడి ముందునుంచీ ఉంది. దాని గింజ రసంతోనే చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టేవారు. నల్లరసంతో చుక్క పెట్టి సున్నం తగిలిస్తే ఎన్ని ఉతుకులకూ పోదు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు. బ్రెజిలు నుంచి వచ్చిన కొత్త చెట్టు గింజ పెంకులోనూ అలాంటి నూనే ఉంది, అదీ పొక్కిస్తుంది. రెండూ ఒకే కుటుంబం, మామిడి కూడా ఆ ఇంటిదే. అందుకే పచ్చిమామిడి సొన పడితే కొందరికి మూతి పొక్కుతుంది, మామిడి టెంకలోని పప్పునూ జీడి అంటాం. వృక్షశాస్త్రం చదవని జనం జీడిమామిడి అని రెండు మాటల్లో సరైన కుటుంబంలో కూర్చోబెట్టారు. వేటపాలెంలో గింజలు కాల్చి పగలగొట్టేటప్పుడు చేతులకు బూడిదో ఆముదమో రాసుకునేది ఈ నూనె వల్లే. పచ్చి గింజను ఇంట్లో కత్తితో కోయకండి.

ఇంగ్లీషు "క్యాషూ" మాత్రం బ్రెజిలు ఆదివాసుల "అకజూ" నుంచి.

బస్సు, ఆటో?
*(సత్యనారాయణపురం, విజయవాడ)*

లాటినులో "ఓమ్నిబుస్" అంటే "అందరికీ". మొదటి సగం రాలిపోయి మిగిలిన "బుస్" ఉత్త విభక్తి, మన భాషలో చెప్పాలంటే "కీ" ఒక్కటే. రిక్షా జపాను మాట: "జిన్" మనిషి, "రికి" బలం, "షా" బండి. ఇంగ్లీషుకు వచ్చేటప్పుడే "జిన్" పోయింది. ఆటో వచ్చాక ఆ పోయిన మనిషి అవసరమూ తీరింది.

వాట్సాప్‌లో వచ్చే మాటల కథల్లో ఏది నిజమో మేమే తేల్చుకునే దారి ఉందా?
*(మంగళగిరి)*

ఉంది. మొదట వస్తువు ఎప్పుడు వచ్చిందో చూడండి. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లతో పదహారో శతాబ్దంలో వచ్చింది. కాబట్టి అంతకుముందు కాలపు మిరపకాయ కథ ఏదైనా పక్కన పెట్టొచ్చు. మన పాత కారం మిరియం, ఆ పేరే కాయ మీదికి పాకింది. తర్వాత పాత నిఘంటువు తెరవండి. శబ్దరత్నాకరంలో (1885) ప్రతి మాట పక్కన చిన్న గుర్తు ఉంటుంది: "దే." అంటే దేశ్యం, "వై." అంటే వైకృతం, అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి మారి వచ్చింది. దేశ్యమైతే తమిళంలో, కన్నడంలో తోబుట్టువు ఉండాలి. అది బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో దొరుకుతుంది, 1984 నాటి రెండో ముద్రణ చూడండి.

చివరగా ధ్వని. ఒక మార్పు జరిగిందంటే అలాంటిదే ఇంకో మాటలో చూపగలగాలి. వంగ, కాయ కలిసి వంకాయ. మునగ, కాయ కలిసి మునక్కాయ. రెండింటిలోనూ కాయ ముందున్న గకారం నిలవలేదు. గోఁగు, కూర కలిసి గోంగూర అయిందంటే నమ్మడానికి ఇలాంటి జోడీలే కారణం. ఒక్క మాటకే పనికొచ్చే సూత్రం సూత్రం కాదు, కల్పన.

పొగాకు "బ్యారన్"కు ఆ పేరు దొరల బిరుదు వల్ల వచ్చిందా? మా ఊళ్లో పెద్ద రైతులకే ఉండేవి మరి.
*(పొన్నూరు)*

బిరుదుకు సంబంధం లేదు. ఇంగ్లీషు "బార్న్". చివర రెండు హల్లులు కలిసి ఆగడం తెలుగు నోటికి పడదు, మధ్యలో అచ్చు దూరుతుంది. ఫార్మ్ ఫారం అయింది, ఫిల్మ్ ఫిలిం అయింది, బార్న్ బ్యారన్ అయింది. ఆ ఇంగ్లీషు మాటను విప్పితే పాత ఇంగ్లీషులో "బార్లీ ఇల్లు" అని వస్తుంది. ధాన్యపు కొట్టు పేరు అమెరికాలో పొగాకు కొట్టుకు, అక్కడి నుంచి వర్జీనియా పొగాకుతో పాటు గుంటూరు సీమకు వచ్చింది.

లోపల జరిగేది మాత్రం నిలవ కాదు, క్యూరింగ్. పచ్చాకును కర్రలకు గుచ్చి వేలాడదీసి, ముందు 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ వేడిలో పసుపెక్కనిస్తారు. ఆకు రెక్క ఆరడానికి 60 దాకా, ఈనె ఆరడానికి 70 దాకా పెంచుతారు. మొత్తం ఐదారు రోజుల పని. పసుపెక్కకముందే వేడి పెంచితే ఆకులో పచ్చదనం అలాగే ఉండిపోతుంది, తర్వాత ఏం చేసినా పోదు. ఆకు ఆరిందని ఈనె విరిచి చూడకుండా దించితే బేలులో బూజు పడుతుంది. ఈనె టక్కున విరగాలి, వంగితే ఇంకా వేడి కావాలి.